హెచ్‌ఐవి గురించి పిల్లలకు ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి

వరాలా తలావ్ చుట్టుపక్కల, పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాలలో నివసించే తెలుగు కుటుంబాల పిల్లలు హెచ్‌ఐవి అనే మాటను పలు దిక్కుల నుండి వింటున్నారు. బడిలో పాఠంగా వింటారు. ఆసుపత్రి గోడ మీద మరాఠీలోనో హిందీలోనో ఒక ప్రకటన చదువుతారు. ఫోనులో ఏదో ఒక వీడియో చూస్తారు. ఇంటికి వచ్చి అమ్మనో నాన్ననో తెలుగులో అడిగితే మాత్రం సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: "ఇప్పుడెందుకురా ఆ మాటలు?"

ఈ వ్యాసం ఆ సమాధానానికి బదులుగా ఏమి చెప్పవచ్చునో వివరించడానికి ఉద్దేశించినది. తల్లిదండ్రులకు, పెద్ద తోబుట్టువులకు, ట్యూషన్ చెప్పే యువకులకు, తెలుగు పిల్లలున్న తరగతుల ఉపాధ్యాయులకు ఇది ఉపయోగపడాలి. ఇందులో ప్రధానంగా చెప్పదలచినది ఇది: పిల్లలకు మొదట చెప్పవలసినది భయం కాదు, నీతి కూడా కాదు, శరీరం లోపల ఏమి జరుగుతుందో అది. ఆ సంగతి అర్థమైన పిల్లవాడికి దోమ వలన వస్తుందా, డబ్బా పంచుకుంటే వస్తుందా, మందు ఎందుకు మానకూడదు అనే ప్రశ్నలకు సమాధానం తనంతట తానే తోస్తుంది. భయం మాత్రమే నేర్చిన పిల్లవాడు తోటి విద్యార్థి పక్కన కూర్చోవడం మానుకుంటాడు. పెద్దవాడైన తరువాత పరీక్షకు వెళ్లడమూ మానుకుంటాడు.

పులిరాజా నేర్పినది, నేర్పనిది

నేడు బడి పిల్లలున్న తల్లిదండ్రులలో చాలామంది 2000వ దశకం తొలి సంవత్సరాలలో కరీంనగర్, నల్గొండ, వరంగల్ వంటి జిల్లాలలో చదువుకుంటూనో, మగ్గం పని నేర్చుకుంటూనో ఉన్నారు. ఆ రోజులలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా హోర్డింగుల మీద ఒక ప్రశ్న కనిపించేది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఎవరీ పులిరాజా అని జనం ఆశ్చర్యపోయారు, నవ్వుకున్నారు, స్నేహితులకు ఆ పేరు పెట్టి ఏడిపించారు. బహిరంగంగా ఉచ్చరించడానికే వెనుకాడిన మాటను ఆ ప్రచారం టీకొట్టు దాకా తెచ్చింది. అది చిన్న విజయం కాదు. అయితే ప్రశ్న గుర్తున్నంతగా సమాధానం ఎవరికీ గుర్తులేదు. ఎయిడ్స్ అంటే ఎవరో ఒక పులిరాజాకు వచ్చేది, మనకు కాదు అన్న భావన మాత్రం మిగిలిపోయింది. దానితోపాటు అంతకుముందే 1990లలో గోడల మీద చదివిన "మందు లేదు" అన్న మాట కూడా మనసులో అలాగే ఉండిపోయింది. ఆ మాట నాటికి నిజమే. నేటికి నిజం కాదు.

ఒక సంగతిని మనం గుర్తుంచుకోవడం మంచిది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఒకప్పుడు అధిక వ్యాప్తి గల రాష్ట్రాలుగా గుర్తించిన ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర రెండూ ఉన్నాయి. అంటే మనం వదలి వచ్చిన రాష్ట్రమూ, వచ్చి చేరిన రాష్ట్రమూ ఆ జాబితాలోనివే. 2021 నాటి అంచనాల ప్రకారం దేశంలో దాదాపు 24 లక్షల మంది హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. సంఖ్యలో మహారాష్ట్రది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవది. అదే సమయంలో, 2010తో పోలిస్తే 2021 నాటికి దేశంలో ఏటా కొత్తగా సోకేవారి సంఖ్య 46 శాతం తగ్గింది. ఈ రెండు అంకెలనూ పిల్లలకు కలిపి చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే భయం, రెండవది మాత్రమే చెబితే నిర్లక్ష్యం.

కార్ఖానా లోపలి కథ

పద్మానగర్ పిల్లలకు రోగనిరోధక వ్యవస్థను వివరించడానికి కార్ఖానాకు మించిన ఉదాహరణ అవసరం లేదు. వారు నిద్రపోయేదీ, లేచేదీ మగ్గాల చప్పుడులోనే.

మన రక్తంలోని తెల్లకణాలు కార్మికుల వంటివి. కొన్ని లోపలికి చొరబడిన సూక్ష్మజీవులను మింగివేస్తాయి. కొన్ని వాటికి విరుగుడు పదార్థాలను తయారు చేస్తాయి. కొన్ని, అప్పటికే చెడిపోయిన మన కణాలను వెదకి నాశనం చేస్తాయి. వీటి మధ్య సీడీ4 కణాలనేవి ఉన్నాయి. ఇవి కార్ఖానాలో ముకాదం వంటివి. ముకాదం స్వయంగా మగ్గం నడపకపోవచ్చు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ పని ముందు జరగాలో చెప్పేది అతడే. ముకాదం లేని రోజున కార్మికులందరూ వచ్చినా పని సాగదు. హెచ్‌ఐవి అనే వైరస్ సరిగ్గా ఈ సీడీ4 కణాలనే ఎంచుకుంటుంది. వాటి పైపొరను పట్టుకుని లోపలికి దిగుతుంది.

దిగిన తరువాత అది చేసే పని ఇంకా చిత్రమైనది. డాబీ మగ్గం చూసిన పిల్లలకు ఇది తేలికగా అర్థమవుతుంది. గుడ్డ మీద ఏ నమూనా పడాలో నిర్ణయించేది మేకులు గుచ్చిన చెక్కపట్టీల గొలుసు. పట్టీ మారితే గుడ్డ మారుతుంది. మగ్గం అదే, నూలు అదే, కరెంటు అదే. మన ప్రతి కణంలోనూ అటువంటి నమూనా ఒకటి ఉంటుంది, దానిని డీఎన్‌ఏ అంటారు. హెచ్‌ఐవి తన నమూనాను ఆర్‌ఎన్‌ఏ అనే వేరొక రూపంలో తెచ్చుకుంటుంది. తన వద్ద ఉన్న ఒక ఎంజైముతో దానిని డీఎన్‌ఏగా మార్చుకుంటుంది. మరొక ఎంజైముతో ఆ పట్టీని మన గొలుసు మధ్యలో బిగించివేస్తుంది. అప్పటినుండి ఆ కణం మన కరెంటుతో, మన నూలుతో వైరస్ నమూనానే నేస్తుంది. అలా తయారైన కొత్త వైరస్‌లు బయటపడి మరికొన్ని సీడీ4 కణాలను పట్టుకుంటాయి. పట్టుబడిన కణాలు క్రమంగా నశిస్తాయి.

అన్ని మగ్గాలూ ఒకేసారి నడవవు. పరాయి పట్టీ బిగించి ఉండి, ఆగి ఉన్న మగ్గాలు కొన్ని మూలన ఉంటాయి. ఇవి ఏళ్ల తరబడి అలాగే ఉండగలవు. ఇప్పుడున్న మందులు నడుస్తున్న మగ్గాలను ఆపగలవు. వైరస్ కొత్త కణాలలోకి చేరకుండా అడ్డుకోగలవు. ఆగి ఉన్న మగ్గంలోని పట్టీని మాత్రం తీయలేవు. అందువలననే మందు మానివేసిన కొద్ది వారాలలో వైరస్ మళ్లీ పెరుగుతుంది, అందువలననే ప్రతిరోజూ మాత్ర వేసుకోవాలి. "మందు ఉన్నప్పుడు జబ్బు ఎందుకు నయం కాదు?" అని తెలివైన పిల్లవాడు తప్పక అడుగుతాడు, సమాధానం ఇదే. క్యాన్సరు చికిత్సలో భాగంగా మూలకణాల మార్పిడి జరిగి హెచ్‌ఐవి కూడా తొలగిపోయినవారు ప్రపంచంలో కొద్దిమంది ఉన్నారు. అది ప్రాణాపాయం గల చికిత్స కనుక అందరికీ చేయదగినది కాదు.

హెచ్‌ఐవి, ఎయిడ్స్ ఒకటి కావు అని ఇక్కడే చెప్పవచ్చు. ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో ఒక ఘన మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుండి 1500 వరకు సీడీ4 కణాలు ఉంటాయి. అవి 200 కంటే తగ్గినప్పుడు, లేదా శరీర రక్షణ బలహీనపడితేనే వచ్చే కొన్ని జబ్బులు కనిపించినప్పుడు దానిని ఎయిడ్స్ దశ అంటారు. హెచ్‌ఐవి ఉండి, సకాలంలో మందు వాడుతూ, ఎయిడ్స్ దశకు ఎన్నడూ చేరనివారు లక్షల మంది ఉన్నారు.

నిశ్శబ్దంగా గడిచే సంవత్సరాలు

వైరస్ ప్రవేశించిన రెండు నుండి నాలుగు వారాలలో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. అవి ఏ జ్వరానికైనా వచ్చే లక్షణాలే; కొందరికి అవి కూడా కనిపించవు. ఆ తరువాత చాలా కాలం ఏమీ తెలియదు. చికిత్స లేకపోయినా అనేకులలో ఈ నిశ్శబ్ద దశ 8 నుండి 10 సంవత్సరాలు సాగుతుంది. మనిషి పనికి వెళతాడు, పెళ్లి చేసుకుంటాడు, పిల్లలను కంటాడు. చూపులతో ఎవరూ పోల్చలేరు. "మనిషిని చూస్తే తెలిసిపోతుంది" అనే మాట మన వీధులలో తరచుగా వినిపిస్తుంది. ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదు.

ముకాదంలు తగ్గిన తరువాత ఇతర జబ్బులు లోపలికి వస్తాయి. నోటిలో తెల్లని పూత, మానని విరేచనాలు, బరువు తగ్గడం, ఒక రకమైన న్యుమోనియా, మెదడు పొరల వాపు. పుట్టుకతో హెచ్‌ఐవి ఉండి చికిత్స అందని పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది. మన దేశంలో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది క్షయ. ఈ ఊరికి ఈ సంగతి ప్రత్యేకంగా వర్తిస్తుంది. గాలి ఆడని గదులలో పలువురు కలిసి నిద్రించడం, రాత్రి షిఫ్టువారు లేచిన పరుపు మీద పగటి షిఫ్టువారు పడుకోవడం ఇక్కడ అందరికీ తెలిసినదే. దగ్గు వస్తే దూది ధూళి వలన అనుకుని ఊరుకుంటారు. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కార్యక్రమంలో క్షయ నిర్ధారణ అయిన ప్రతి వ్యక్తికీ హెచ్‌ఐవి పరీక్ష కూడా చేస్తామంటారు. అది అనుమానించడం కాదు, చికిత్సకు అవసరమైన భాగం. క్షయ పూర్తిగా నయమవుతుంది, హెచ్‌ఐవి ఉన్నవారిలో కూడా.

ఎలా వస్తుంది, ఎలా రాదు

మార్గాలు నాలుగే: కండోమ్ లేని లైంగిక సంబంధం, హెచ్‌ఐవి ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడడం, చికిత్స అందని తల్లి నుండి గర్భంలో, కాన్పులో లేదా పాల ద్వారా బిడ్డకు. వైరస్ లోపలి నుండి లోపలికి వెళ్లాలి. బయటి గాలిలో, నీటిలో, డబ్బా మీద అది బ్రతికి పనిచేయలేదు. కనుక కలిసి తినడం, ఒకే నల్లా నీళ్లు తాగడం, ఒకే మరుగుదొడ్డి వాడడం, ఆటలో తాకడం, తుమ్ము, దగ్గు, కన్నీరు, వీటిలో దేనివలనా రాదు.

తలావ్ పక్కన నివసించే పిల్లల మొదటి ప్రశ్న దోమ. దోమ రక్తం తాగుతుంది కదా, మలేరియా తెస్తుంది కదా, ఇది ఎందుకు తేదు? ప్రశ్న న్యాయమైనది, "రాదు" అని కొట్టిపారేయకూడదు. మలేరియా క్రిమి దోమ శరీరంలో రోజుల తరబడి పెరిగి, దాని లాలాజలంలోకి చేరుతుంది. హెచ్‌ఐవికి కావలసిన సీడీ4 కణాలు దోమలో లేవు. అది దోమ కడుపులో అరిగిపోతుంది. పైగా దోమ కుట్టినప్పుడు మనలోకి పంపేది తన లాలాజలాన్నే, ఇంతకుముందు తాగినవాని రక్తాన్ని కాదు. మరొక నిదర్శనం కూడా చెప్పవచ్చు. దోమలు అన్ని వయసులవారినీ కుడతాయి. దోమ వలన వచ్చేదే అయితే బడి వయసు పిల్లలలోనూ ముసలివారిలోనూ ఇది సమానంగా కనిపించాలి. అలా కనిపించదు.

క్షౌరశాలలో బ్లేడు సంగతి తరువాత వస్తుంది. ఆ దారిన హెచ్‌ఐవి రావడం చాలా అరుదు. కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌లు రావచ్చు, కనుక కొత్త బ్లేడు అడగడం మంచి అలవాటే.

అసలు జాగ్రత్త వహించవలసినది ఇంజెక్షన్ల విషయంలో. ఈ భాగాన్ని తల్లిదండ్రులు రెండుసార్లు చదవవలసిందిగా మనవి. ఒంటినొప్పులకు, జ్వరానికి "ఒక సూది వేయండి, రేపు పనికి వెళ్లాలి" అని అడగడం మనలో పరిపాటి. మాత్ర ఇచ్చిన వైద్యుని కంటే సూది వేసినవానినే మంచి వైద్యుడంటాము. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూ ప్రాంతంలో అర్హత లేని ఒక వైద్యుడు ఒకే సిరంజిని పలువురికి వాడడం వలన పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవి సోకినట్లు బయటపడింది. మరుసటి సంవత్సరం పాకిస్తాన్‌లోని లర్కానా జిల్లా రతోదేరో పట్టణంలో వందల మందికి సోకినట్లు తేలింది. వారిలో అత్యధికులు చిన్నపిల్లలు. వారి తల్లులలో చాలామందికి హెచ్‌ఐవి లేదు. వాడిన సిరంజిలనే మళ్లీ వాడడమే అక్కడ ప్రధాన కారణం. ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదు, వారి తల్లిదండ్రులూ చేయలేదు. జ్వరానికి సూది వేయించారు, అంతే. సూది తప్పనిసరి అయితే మీ కళ్ల ముందు కొత్త పొట్లం విప్పమని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. పదేళ్ల పిల్లవాడికి కూడా ఈ మాట నేర్పండి.

ఏ వయసులో ఎంత

యునెస్కో 2018లో సవరించి ప్రచురించిన మార్గదర్శక గ్రంథం ఈ బోధనను 5వ ఏటనే మొదలుపెట్టి, వయసుతోపాటు పెంచుకుంటూ పోతుంది. 5వ ఏట లైంగిక విషయాలు చెబుతారా అని కంగారుపడనక్కరలేదు. ఆ వయసులో చెప్పేది వేరు: ఎవరికైనా దెబ్బ తగిలి రక్తం వస్తే చేతితో తాకకుండా పెద్దవారిని పిలువు, కింద పడి ఉన్న సూదిని తీయకు, ఎవరైనా రోజూ మాత్రలు వేసుకుంటుంటే వెక్కిరించకు. అంతే చాలు.

తొమ్మిది, పది ఏళ్ల వయసులో పైన చెప్పిన కార్ఖానా కథ చెప్పవచ్చు. తల్లి నుండి బిడ్డకు ఎలా వస్తుందో, ఎలా రాకుండా ఆపవచ్చో కూడా అప్పుడే చెప్పవచ్చు. చికిత్స లేనప్పుడు నూటికి 15 నుండి 45 మంది బిడ్డలకు సోకే అవకాశం ఉంటుంది. తల్లికి గర్భధారణ సమయంలోనే మందులు అంది, బిడ్డకు పుట్టిన వెంటనే మందు ఇచ్చినప్పుడు అది నూటికి 5 కంటే తగ్గుతుంది. ఈ ఒక్క అంకెలో ఉన్న ఆశ పది నినాదాలలో లేదు.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి లైంగిక సంబంధం ద్వారా వస్తుందన్న సంగతిని స్పష్టంగా చెప్పాలి. దాచినంత మాత్రాన వారికి తెలియకుండా ఉండదు. ఎవరి నోట, ఏ రూపంలో తెలుస్తుందన్నదే ప్రశ్న. ఈ వయసులోనే మరొకటి కూడా చెప్పాలి: ఎవరైనా బలవంతంగా తాకినా, హాని చేసినా అది పిల్లల తప్పు కాదు, వెంటనే చెప్పాలి. 1098 పిల్లల సహాయ నంబరు. అటువంటి ఘటనలోనైనా, వాడిన సూది గుచ్చుకున్నప్పుడైనా 72 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే 28 రోజుల మందుతో హెచ్‌ఐవి రాకుండా అడ్డుకునే అవకాశం ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. సిగ్గుతో గడిపిన మూడు రోజులు తిరిగిరావు.

పదిహేనేళ్లు దాటినవారు, ముఖ్యంగా చదువు ఆపి మగ్గాలకో గోదాములకో వెళ్లే అబ్బాయిలు, కండోమ్ గురించి, పరీక్ష గురించి పూర్తిగా తెలుసుకోవాలి. వారికి బడి పాఠం అందదు. ఇల్లు చెప్పకపోతే గది మిత్రులే గురువులవుతారు.

మన ఇళ్లలో తండ్రి కొడుకుకు ఈ మాటలు చెప్పడం కష్టమే. రోజుకు పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రి ఇంట్లో ఉండేదే తక్కువ. ఉన్నప్పుడు అత్తమామలో, బంధువులో ఎదుట ఉంటారు. అటువంటప్పుడు మేనమామనో బాబాయినో చెప్పమనండి. ఆడపిల్లకు పిన్నియో అత్తయ్యో చెప్పవచ్చు. ఎవరు చెప్పినా నవ్వుతూ చెప్పవచ్చును గాని, వెకిలిగా చెప్పరాదు.

బడి మీదనే పూర్తిగా ఆధారపడలేమని చరిత్ర చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం 2005లో ప్రవేశపెట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్రతో సహా కొన్ని రాష్ట్రాలు అభ్యంతరాలతో నిలిపివేశాయి. అందులోని బొమ్మలు మన సంస్కృతికి తగవని విమర్శ వచ్చింది. ఆ అభ్యంతరంలో కొంత సబబు ఉన్నా, పాఠాన్నే ఆపడం సబబు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మరొక దారి ఉందని టీచ్‌ఎయిడ్స్ అనే సంస్థ చూపింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పియా సోర్కార్ చేసిన పరిశోధన నుండి పుట్టిన ఈ సంస్థ, సిగ్గు కలిగించని కార్టూను బొమ్మలతో, శరీరశాస్త్రాన్ని ఆధారం చేసుకుని పాఠాలు తయారు చేసింది. వాటికి తెలుగు రూపం కూడా ఉంది. నటుడు నాగార్జున దానికి గొంతునిచ్చారు. నోరు పెగలని తల్లిదండ్రులు దానిని పిల్లలతో కలిసి చూడవచ్చు.

మాటల విషయం

ఈ పుస్తకానికి తెలుగు చేసేటప్పుడు అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసినవి కొన్ని పాత మాటలు. లైంగికంగా సంక్రమించే జబ్బులను తెలుగులో చిరకాలం "సుఖవ్యాధులు" అన్నారు. వ్యాధిలో సుఖమేమిటి? ఆ మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది: అనుభవించావు, ఇక పడు అని. భర్త వలన సోకిన ఇల్లాలికి, తల్లి వలన సోకిన శిశువుకు ఆ మాట ఎలా వర్తిస్తుంది? అందుచేత దానిని ఈ పుస్తకంలో వాడలేదు. అలాగే "ఎయిడ్స్ రోగి" అనకుండా "హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు" అన్నాము. కొంత పొడవైన ప్రయోగమే. కానీ మాత్ర వేసుకుని షిఫ్టుకు వెళ్లి, సాయంత్రం పిల్లల లెక్కలు చూసే మనిషిని రోగి అనడం వాస్తవమూ కాదు, మర్యాదా కాదు. పిల్లలు మన నోటి మాటనే బడికి తీసుకువెళతారు.

తరగతి గదిలో హక్కు

లాతూరు జిల్లా హాసేగావ్ గ్రామంలో 2009లో, ఒక సంరక్షణ నిలయంలోని హెచ్‌ఐవి ఉన్న పిల్లలు గ్రామ పాఠశాలకు వస్తున్నారని తెలిసి, ఇతర తల్లిదండ్రులు తమ పిల్లలను బడికి పంపడం మానివేశారు. అంతకుముందు 2003లో కేరళలో ఇద్దరు చిన్నారులను బడి నుండి దూరం చేసినప్పుడు, అప్పటి కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి సుష్మా స్వరాజ్ వారిని అందరి ఎదుట దగ్గరకు తీసుకున్నారు. బెదిరిన తల్లిదండ్రులు క్రూరులు కారు. కలిసి కూర్చుంటే రాదన్న సంగతి వారికి ఎవరూ నమ్మకం కలిగేలా చెప్పలేదు.

నేడు దీనికి చట్టం ఉంది. 2017లో ఆమోదం పొంది, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం హెచ్‌ఐవి కారణంగా బడిలో చేర్చుకోకపోవడం, ఉద్యోగం నుండి తొలగించడం, అద్దె ఇల్లు నిరాకరించడం, వైద్యం నిరాకరించడం నిషిద్ధం. అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు. ఒకరి హెచ్‌ఐవి స్థితిని వారి అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించరాదు. చట్టం ప్రత్యేకంగా అనుమతించిన సందర్భాలు కొన్ని మాత్రమే ఇందుకు మినహాయింపు. హెచ్‌ఐవి ఉన్నవారిపై ద్వేషాన్ని ప్రచారం చేసినవారికి మూడు నెలల నుండి రెండేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ఆ చట్టంలో అంతగా ప్రచారం పొందని నిబంధన ఒకటి ఉంది. హెచ్‌ఐవి వలన చితికిన కుటుంబంలో ఇంటి బాధ్యత మోస్తున్న, 12 ఏళ్లు నిండి 18 నిండని, తగిన అవగాహన గల పిల్లలు తమ చిన్న తోబుట్టువులకు సంరక్షకులుగా వ్యవహరించవచ్చు: బడిలో చేర్పించవచ్చు, ఆసుపత్రిలో సంతకం చేయవచ్చు. చట్టం రాసినవారికి అటువంటి ఇళ్లు తెలుసు. అటువంటి అక్కో అన్నో మీ వీధిలో ఉంటే, బడి కార్యాలయానికి వారితోపాటు వెళ్లి ఈ నిబంధనను చూపించండి.

పరీక్ష, మందు, ఊరి ప్రయాణం

ప్రభుత్వ ఆసుపత్రులలో ఐసీటీసీ అని పిలిచే కేంద్రాలలో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. ముందు సలహాదారు మాట్లాడతారు, తరువాత వేలి నుండి లేదా చేతి నుండి కొద్దిగా రక్తం తీస్తారు. వైరస్ ప్రవేశించిన వెంటనే పరీక్షలో కనిపించకపోవచ్చు. అనుమానం ఉన్న ఘటన జరిగిన మూడు నెలల తరువాత మరొకసారి చేయించుకోవాలి. మరాఠీ, హిందీ సరిగా రానివారు నమ్మకస్థులైన ఒకరిని వెంట తీసుకువెళ్లవచ్చు. బడి పిల్లలను మాత్రం ఈ పనికి దుబాసీలుగా తీసుకువెళ్లవద్దు. తల్లి ఫలితాన్ని తల్లికి అనువదించి చెప్పే భారం పిల్లవాడి మీద పడకూడదు.

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి హెచ్‌ఐవి మందులను ఉచితంగా ఇస్తున్నది. 2017 నుండి సీడీ4 సంఖ్య ఎంత ఉన్నా, నిర్ధారణ అయిన ప్రతివారికీ చికిత్స మొదలుపెడుతున్నారు. పెద్దలలో చాలామందికి ఇప్పుడు రోజుకు ఒకే మాత్ర; అందులో మూడు మందులు కలిసి ఉంటాయి. క్రమంగా వాడితే రక్తంలోని వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. ఆ స్థితిని నిలుపుకున్న వ్యక్తి నుండి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు హెచ్‌ఐవి సోకదు. ఈ సంగతి తెలియక విడిపోయిన దంపతులు ఉన్నారు, ఆగిపోయిన పెళ్లిళ్లు ఉన్నాయి.

మనవంటి వలస కుటుంబాలకు చిక్కు వచ్చేది ప్రయాణాల వద్ద. పండుగకో, పెళ్లికో, మగ్గాలు ఆగిన నెలలలోనో ఊరికి వెళ్లి, అక్కడ ఎవరికైనా తెలుస్తుందని మాత్రలు దాచి, చివరకు మానివేసేవారు ఉన్నారు. ఆగి ఉన్న మగ్గాలు తిరిగి కదిలేది అప్పుడే. కొన్నిసార్లు వైరస్ ఆ మందుకు లొంగని రూపం కూడా పొందుతుంది. ప్రయాణానికి ముందే చికిత్సా కేంద్రంలో చెబితే, ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకటి కంటే ఎక్కువ నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది. ఎక్కువ కాలం ఉండవలసి వస్తే బదిలీ పత్రం తీసుకుని స్వస్థలంలోని కేంద్రంలో అవే మందులు ఉచితంగా పొందవచ్చు. మందు సీసా మీద పేరు చూసి బంధువులు అడుగుతారన్న సంకోచం ఉంటే మాత్రలను మామూలు డబ్బాలోకి మార్చుకోవడంలో తప్పులేదు, మూత గట్టిగా ఉండి తేమ చేరకుండా చూసుకోవాలి.

పేరు చెప్పకుండా సందేహం అడగదలచినవారు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆ ఫోనుకు రుసుము లేదు.